గురువారాల సూపు

క్యారెట్ దారంలా రావాలని చెప్పింది ఆవిడ. అగ్గిపుల్లలా కాదండీ, దారంలా, నోట్లో ఉందో లేదో తెలియకూడదు అంది. అందుకని ఆమె క్యారెట్‌ను ముందు పలచటి పలకలుగా కోసి, ఆ పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, ఖరీదైన బట్టకు కత్తెర పెట్టే ముందు ఊపిరి బిగబట్టినట్టే బిగబట్టి కత్తి కదిలిస్తోంది. ఎలాగూ అన్నీ జల్లెడలో మిగిలిపోయేవే. ఆయన గొంతులోకి ఒక్క తునక కూడా పోకూడదని మింగడం నేర్పే అమ్మాయి మరీ మరీ చెప్పి వెళ్లింది. మరి వడకట్టి పారేసేదాన్ని ఇంత సన్నగా తరగడం దేనికి? ఇష్టమొచ్చినట్టు నరికి నీళ్లలో పడేసినా రసం దిగుతుంది. ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా చేతులు ఆ గొంతు చెప్పినట్టే చేస్తున్నాయి. ఫోను పెట్టేసి అరగంటైనా కాలేదు, ఆ గొంతు ఇంకా చెవిలోంచి పోలేదు, వంటగదిలో పక్కనే కొంచెం వెనగ్గా నిలబడి, ఆఁ అంతే, అల్లం కూడా అలాగే, అంటున్నట్టుంది. ముప్పై ఏళ్లుగా ఈ వంటగదిలో ఇంకో ఆడమనిషి మాట వినిపించలేదు. పెళ్లినాటికే అత్తగారు లేరు. ఆడపిల్లలు పుట్టలేదు, మగపిల్లలూ పుట్టలేదు. వంట చేసేటప్పుడు పక్కన ఎవరైనా నిలబడి ఇది వెయ్యి, అది తగ్గించు అంటే ఎంత బావుంటుందో అని ఒకప్పుడు అనుకునేది. ఇన్నాళ్లకు ఒక మనిషి వచ్చి నిలబడిందంటే, వచ్చింది ఆవిడా!

ముందు గదిలోంచి టక్, టక్ మని చప్పుడు. ఆయన ఎడమ చెయ్యి మంచం పట్టె మీద కొడుతోంది. కుడి చెయ్యి వేసవి మొదట్లోనే పక్షవాతంతో పోయింది, కుడి కాలు సగం పోయింది, మాట ముప్పావు వంతు పోయింది. "అవుతోంది, అవుతోంది" అని కేకేసింది. చప్పుడు ఆగింది. ఎంత బుద్ధిగా ఆగుతారో ఇప్పుడు. బతుకంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఏ మేడలో లిఫ్టు ఏ అంతస్తు దగ్గర మూలుగుతుందో, ఏది తలుపు మూసుకోవడానికి మొరాయిస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు గానీ, ఇంట్లో మనిషి ఎందుకు మూలిగిందో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. చెడ్డవారని కాదు. చెయ్యెత్తలేదు, తాగి రాలేదు, గొంతు పెంచలేదు. పెట్టింది తినేవారు. ఎలా ఉంది అంటే ఊఁ అనేవారు. బావుంటే ఊఁ, బావుండకపోతే ఊఁ. కొత్తలో ఆ రెండు ఊఁల మధ్య తేడా ఏదో ఉండే ఉంటుందని, చెవి బాగా పెడితే తెలుస్తుందని ఆమె నమ్మింది. ఒకసారి కావాలనే ఉప్పు వేయకుండా కూర వండి పెట్టింది. గోడకు ఆనుకుని నిలబడి ఆయన మొహంకేసే చూసింది. మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ, ఊఁ అన్నారు. ఆ రాత్రి ఆ కూర తనూ తిని చూసింది. నోట్లో పెట్టుకోలేకపోయింది. మర్నాటి నుంచి ఎలా ఉందని అడగడం మానేసింది. అడగడం మానేసిన సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

అలాంటి మనిషి ఇవాళ పొద్దున నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగారు. "సూ..." అన్నారు. సూది అనుకుని కుట్టుమిషను సొరుగు వైపు చూసింది. కాదని తల ఊపారు. పెదాలు కూడదీసుకుని, చెమటలు కక్కుతూ, "సూ... పు" అన్నారు. ఎంత సంబరపడిందో ఆమె! చేతిలో ఉన్న ప్యాంటు మిషను మీద పడేసి లేచింది. మూతి దగ్గర చెంచా పెడితే మొహం తిప్పుకుని, చిక్కబడే పొడి కలిపిన నీళ్లని, జావని, బంకలాంటి ఆ తిండినంతా ఇన్నాళ్లూ శిక్షలా మింగుతున్న మనిషి, తన నోటితో అడిగారని టమాటాలు ఉడికించి, పిండి, చిక్కబరిచి తెచ్చింది. ఒక్క చెంచా పుచ్చుకుని "కా... దు" అన్నారు. మళ్లీ వెళ్లి, ఉన్న కూరగాయలన్నీ ఉడకబెట్టి తెచ్చింది. "కాదు." ఈ మాట మాత్రం గుండ్రాయిలా వస్తుంది ఆయనకు. తర్వాత కళ్లు మూసుకుని, ఎక్కడో లోతులో పడిపోయిన వస్తువును వేళ్లతో తడుముతున్నట్టు తడిమి, "పు... ల్లది" అన్నారు. ఇంకాసేపటికి "ఘాటు" అన్నారు. అప్పుడే మింగడం నేర్పే అమ్మాయి వచ్చింది. హాస్పిటల్ వాళ్లు పంపే అమ్మాయి. మనిషికి మింగడం కూడా ఒకళ్లు నేర్పాలా అని మొదట్లో నవ్వుకుంది ఆమె. జ్వరం వచ్చి, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయాయని ఆయన్ని రెండోసారి హాస్పిటల్లో పడుకోబెట్టాక ఆ నవ్వు పోయింది.

"అంకుల్ హాట్ అండ్ సోర్ సూపు అడుగుతున్నారు ఆంటీ!" అంది ఆ అమ్మాయి చప్పట్లు కొట్టినంత పని చేసి. "చైనీస్! భలేవారే అంకుల్. మంచిదే, అది మామూలుగానే చిక్కగా ఉంటుంది. మిరియాలు తగ్గించండి, ముక్కలు వడకట్టేయండి. చెంచా వంచితే ధార కట్టకూడదు, తేనెలా జారాలి, అంతే. ఇంట్లో చేస్తుంటారా?"

"ఆఁ, అప్పుడప్పుడూ" అంది ఆమె.

ఎందుకంది? చెయ్యను, ఎప్పుడూ చెయ్యలేదు, ఈ ఇంట్లో ఆ సూపు వాసనే లేదు, ఇద్దరం కలిసి ఏ హోటల్లోనూ తాగలేదు అనొచ్చుగా. అంటే ఆ అమ్మాయి, మరి అంకుల్‌కెలా అలవాటైంది అని అడిగేది. అడగకపోయినా ఆ ప్రశ్న ఆ గదిలో ఎక్కడో ఒకచోట కూర్చుండిపోయేది. మంచం మీద ఆయన ఎడమ చెంప నవ్వుతోంది. కావలసిన వస్తువు పేరు ఎవరో పలికేసరికి చిన్నపిల్లాడు నవ్వినట్టు నవ్వుతోంది. దాచాలని ఉంటే ఆయనకు ఆ నవ్వు రాదు. దాచాలన్న ఊహే పోయిందన్నమాట. ఆ ఊహ ఉండే చోటే ఏదో రక్తనాళం చిట్లింది. మాట పోయింది, కాలు పోయింది, భయం పోయింది, ఈ సూపు మాత్రం పోలేదు.

వెల్లుల్లి. నాలుగు రేకలు చాలు, దంచొద్దు, తరగండి అని చెప్పింది ఆవిడ. ఆమె వేళ్లకు వెల్లుల్లి వాసన పట్టేసింది, ఈ చేత్తో ఇప్పుడు జనాల బట్టలు ముట్టుకోకూడదు. గురువారం రుమాళ్లకు కూడా ఒక వాసన ఉండేది. మిగతా రోజుల రుమాళ్లకు గ్రీజు వాసన, ఇనుము వాసన. గురువారం దానికి పుల్లటి వాసన, తడి ఆరీ ఆరకుండా. సబ్బు రాసి రుద్దుతుంటే మిరియం ఘాటు ముక్కుకెక్కి తుమ్మేది. గురువారం మెయింటెనెన్సు రోజు, ఆలస్యమవుతుంది అనేవారు. వచ్చాక ఆకలి లేదు, బయట తిన్నాను అనేవారు. ఏ చైనీసు హోటలుకో అలవాటు పడ్డారు, పోనీలే పాపం, ఒక్క సరదా అన్నా ఉంది మనిషికి అనుకునేది ఆమె. నిజంగా అనుకునేదా? అనుకున్నట్టు ఉండడానికి ఒప్పుకునేది. కళ్లద్దాలు మార్చినప్పుడు మాత్రం గుండెలో ఒక్కసారి ఏదో గుచ్చుకుంది. సన్నటి గోధుమరంగు ఫ్రేము. ఆయన బండ ముక్కు మీద, ఆ వెడల్పాటి చెంపల మధ్య, కొలిచి కుట్టినట్టు కూర్చుంది. ఇంత అమిరినదాన్ని ఈయన ఎంచుకోలేరు, ఎవరో ఎదురుగా కూర్చుని, తల కాస్త వెనక్కి వాల్చి, అది తీసేయండి, ఇది పెట్టుకోండి, ఏదీ ఇటు చూడండి అని ఉంటారు. కొలతల మీద బతికే మనిషికి ఆ మాత్రం తట్టదా? తట్టింది. "బావున్నాయి అద్దాలు" అంది. "ఊఁ" అన్నారు.

బాణలి వేడెక్కింది. మంట పెద్దది పెట్టండి, మొహమాటపడకండి అంది ఆవిడ. నూనెలో అల్లం, వెల్లుల్లి పడి చురచురలాడాయి. ఆ చప్పుడు విని ముందు గదిలో టక్, టక్, ఈసారి తొందరగా. ఈ చప్పుడు ఆయనకు తెలుసు. ఆవిడ ఇంట్లో గోడకు కుర్చీ వేసుకుని, చెప్పులు విప్పి, కాళ్లు చాపుకుని ఈ చప్పుడు వినేవారేమో. చెప్పులు. ఆయన పడిపోయిన రోజు హాస్పిటల్ వరండా చివర బెంచీ మీద ఆవిడ గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెను చూడగానే లేచి వచ్చి, సంచీ అందించి, "చెప్పులండీ" అంది. ఆ ఒక్కమాటే. ఎవరివో చెప్పలేదు. అంతకు గంట ముందు ఫోను చేసింది కూడా ఈ గొంతే. "పడిపోయాడండీ, అంబులెన్సు వచ్చింది, మీరు హాస్పిటల్‌కి వచ్చేయండి" అంది. ఎవరు మీరు అని ఆమె అడగలేదు. ఎక్కడ పడిపోయారు అనీ అడగలేదు. ఏ హాస్పిటల్ అని మాత్రం అడిగింది. తర్వాత ఎన్నో రాత్రులు, ఎందుకడగలేదూ, ఎందుకడగలేదూ అని మంచం మీద లేచి కూర్చుంది. అడగవలసింది ఏమీ మిగల్లేదు కనక అడగలేదు. చెప్పులు అందుకుంటూ చూసింది ఆవిడను. వయసులో చిన్నది కాదు. సన్నగానూ లేదు, తెల్లగానూ లేదు. కళ్లకింద నల్లగా ఉంది. జాకెట్టు చంక దగ్గర కుట్టు ఊడిపోతే ఎవరో చేతకాని చేత్తో పెద్దపెద్ద కుట్లు వేసి ముడిపెట్టారు. ఎంతో కాలంగా ఊహించీ ఊహించకుండా దాచుకున్న ఆ మనిషి, పాపిష్టిదో, మాయలాడో, ఏదో ఒకటి అయ్యుండాల్సిన ఆ మనిషి, వచ్చి ఎదురుగా నిలబడితే ఆమె చూసింది ఆ కుట్టును. ఇటు తే, విప్పి సరిగ్గా కుట్టి ఇస్తాను అని నోటిదాకా వచ్చింది. ఆవిడ తల వంచుకుని మెట్ల వైపు వెళ్లిపోయింది. లిఫ్టు ఎదురుగానే ఉంది. ఎక్కలేదు. లోపల డాక్టర్లు ఆయన చొక్కా కత్తిరించి చేతికిచ్చారు. గుండెల మీద ఇంత మేర గోధుమరంగు మరక. తడిగా, పుల్లగా. ఇంటికొచ్చి ఉతికింది. కత్తిరించిన చొక్కా, ఎవరు తొడుక్కుంటారని? అయినా ఉతికింది. మరక పోలేదు.

నీళ్లు పోసింది. కాడలూ తొక్కలూ మరగబెట్టి తీసిన నీళ్లు, చప్పటి నీళ్లు వద్దని ఆవిడ చెప్పింది. సోయా సాస్ పడగానే గిన్నెలో రంగు మారింది. ఆ మరక రంగు. పుట్టగొడుగులు, క్యాబేజీ, దారాల్లాంటి క్యారెట్. ఉడుకుతున్నాయి. గరిటె తిప్పుతూ నిలబడితే పొద్దుటి నుంచి చేసిన పని గుర్తొస్తోంది. ఆ నంబరు ఫోనులో పేరు లేకుండానే ఉంది. పేరు పెట్టలేదు, చెరిపెయ్యనూ లేదు. ఆ అమ్మాయి వెళ్లాక సాసులూ కూరగాయలూ కొట్లోంచి తెచ్చి పెట్టుకుని, మధ్యాహ్నమంతా ప్యాంట్ల అంచులు కుడుతూ ఆలోచించింది. ఏ వంటల పుస్తకంలోనన్నా ఉంటుంది, ఫోనులో వెతికితే వంద రకాలు చూపిస్తుంది. కానీ ఆయనకు కావలసింది ఆ వందలో లేదు. ఇంకో రెండు గిన్నెలు చేసి, కాదు, కాదు అనిపించుకోవడం తన వల్ల కాదు. మిషను ఆపి, దారం తెంపి, ఫోను చేసింది.

"నేను... ఆయన భార్యని."

"తెలుసండి." చాలా చిన్న గొంతుతో, "పోయాడా?" అంది ఆవిడ.

"లేదు. లేదు. బానే ఉన్నారు. సూపు అడుగుతున్నారు. ఆ పుల్లటిది. ఎలా చేసేవారు మీరు?"

"అడిగాడా? తనే అడిగాడా?"

తను. ఆ మాట దగ్గర ఆమె చెవి కాలింది. ఆమె ఆయన అంటుంది, వచ్చారు అంటుంది, తిన్నారు అంటుంది, పెళ్లినాటి నుంచీ అంతే. మనసులో తిట్టుకున్నా మర్యాదగానే తిట్టుకుంటుంది. ఆవిడకు ఆయన తను. వచ్చాడు, తిన్నాడు, పడిపోయాడు. ఎంత దగ్గరగా నిలబడితే ఒక మగమనిషి తను అవుతాడు? ఆవిడ చెప్పుకుపోయింది. గుక్క తిప్పుకోకుండా, ఎవరైనా అడిగితే బావుండునని ఎదురుచూస్తున్నట్టు చెప్పింది. అన్నం ముందు కాదండీ, వచ్చీ రాగానే ఇచ్చేదాన్ని. మిరియాలు ఎక్కువుండాలి తనకి. ముక్కు కారాలి, అప్పుడు గాని బావుంది అనేవాడు కాదు. వెనిగర్ మాత్రం పొయ్యి కట్టేశాకే వెయ్యండి, మంట మీద వేస్తే పులుపు చచ్చిపోతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు పిండి ఎక్కువై జిగురు అయిపోయింది, గరిటె పైకెత్తితే గిన్నె కూడా లేచొచ్చింది, ఇద్దరం ఒకటే నవ్వు... అంటూ ఆగిపోయింది. ఆగిపోయిందని ఇద్దరికీ తెలిసింది. బావుంది అనేవారా! నవ్వేవారా! ఆయన నవ్వు ఎలా ఉంటుందో ఆమెకు ఈ వేసవి తర్వాతే తెలుసు. దెబ్బ తగిలిన చోటును బట్టి నవ్వూ ఏడుపూ వాటంతట అవే వస్తాయి, వాటికి అర్థం వెతక్కండి అని డాక్టరు చెప్పిన నవ్వు. అర్థం ఉన్న నవ్వు ఇంకో ఇంట్లో ఖర్చైపోయింది.

"ఒక్కసారి చూడొచ్చాండీ తనని?" అంది ఆవిడ.

"గుడ్డు ఎప్పుడు వెయ్యాలి?" అంది ఆమె.

"చివర్లోనండీ. గిలక్కొట్టి సన్నటి ధారగా" అంది ఆవిడ. "తాగాక ఒక్క మాట చెప్తారా? తాగాడని. అంతే."

"ఊఁ" అని పెట్టేసింది. పెట్టేశాక తెలిసింది, అది ఆయన ఊఁ. ఇంట్లో గుడ్లే లేవు. ఉన్నా ఆయనకు పెట్టకూడదు.

జల్లెడ వేరే గిన్నె మీద పెట్టి అంతా వంపింది. ముక్కలన్నీ పైన నిలిచాయి, పొగలు కక్కుతూ, మెత్తగా, రంగు తేలిపోయి. కింద పలచటి, నల్లటి రసం. దాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి, కార్న్‌ఫ్లోర్‌లో చన్నీళ్లు పోసి కలిపింది. పాలలా ఉంది. ఇది పోస్తే చిక్కబడుతుంది. పోయకపోతే పలచగా ఉంటుంది. మళ్లీ అదే మాట ఇంకోలా అనుకుంది: పోస్తే మింగుతారు, పోయకపోతే కూడా మింగుతారు. బతిమాలి చెంచా పెడితే నోరు తెరుస్తారు, ఏది పోసినా మింగుతారు. పలచటిది గొంతులో ఆగదు, దారి తప్పి ఊపిరిలోకి పోతుంది, పైకి దగ్గు కూడా రాదు, రెండు రోజులకు జ్వరం వస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఎంత బాగా చూసుకుందో పాపం అంటారు. చెయ్యి గాలిలో ఆగింది. ఎంతసేపు ఆగిందో ఆమెకు తెలియదు. గిన్నెలో రసం మరిగి అంచుల దాకా వచ్చింది. ఆయన మీద కోపమేనా అది? కోపం అయితే వేడిగా ఉండాలి. ఇది చల్లగా, నిమ్మళంగా, కుట్టిన బట్టను మడత పెట్టి ఇచ్చేసినంత నిమ్మళంగా ఉంది. నడుం నొప్పి, పక్కబట్టలు, మూత్రం వాసన, రాత్రీ పగలూ ఆ టక్ టక్, వీటన్నిటికీ అవతల ఒక ఖాళీ గది, కిటికీ తలుపులు తీసి ఉన్న గది. ఆ గదిని చూసింది. చూసి, పిండి నీళ్లన్నీ ఒక్కసారే పోసేసి గబగబా తిప్పింది, ఎవరో వెనకనుంచి చూశారేమోనని భయపడినట్టు. రసం మెల్లగా బరువెక్కింది. గరిటెకు అడ్డం తగిలింది. గట్టు పట్టుకుని నిలబడింది.

పొయ్యి కట్టేసి వెనిగర్ వేసింది. మిరియాల పొడి తగ్గించమంది ఆ అమ్మాయి, ఎక్కువుండాలంది ఆవిడ. ఇద్దరి మాటకూ మధ్యలో వేసింది. చెంచాతో కొంచెం తీసుకుని, ఊది, నోట్లో పెట్టుకుంది. ముందు పులుపు వచ్చింది, వెనక ఘాటు, ఆ వెనక ఏదో లోతైన ఉప్పదనం, గొంతు దిగాక కూడా నాలుక మీద ఆగి ఉంది. ముక్కు కారింది. కళ్లు మండాయి. బావుంది. దేవుడా, ఇంత బావుందా! చెత్తగా ఉండొచ్చు కదా. తెలిసీ తెలియని వంట, పైపై మెరుగుల వంట అయ్యుండొచ్చు కదా. ఇన్నాళ్లూ ఆ ఇంటి గురించి ఆలోచన వచ్చినప్పుడల్లా పక్క గురించే ఆలోచించింది ఆమె, ఒంటి గురించే ఆలోచించింది, దానికైతే లోకం పెట్టిన పేర్లున్నాయి, తిట్లున్నాయి. దీనికేం పేరు పెట్టాలి? అలసిపోయి వచ్చిన మనిషి చెప్పులు విప్పేలోపు ఇది కాచి ఇచ్చారు, ఆయన ముక్కు తుడుచుకుంటూ బావుంది అన్నారు, అవతల మనిషి విన్నది. ఇంతే. ఇంత చిన్నది. ఇది తనకూ చేతనయ్యేదే. ఆయనకూ చేతనయ్యేదే. జల్లెడలో ముక్కలు చల్లారుతున్నాయి. నిలబడే, చేత్తోనే, అవన్నీ తినేసింది. దారాల్లాంటి క్యారెట్ నిజంగానే నోట్లో ఉందో లేదో తెలియలేదు.

ముందు గదిలో సాయంత్రపు వెలుగు కుట్టుమిషను మీద నుంచి మంచం మీదికి జరిగింది. వీపు వెనక దిండ్లు పెట్టి ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టింది. మెడ కింద తువాలు కట్టింది. "గడ్డం కిందికి" అంది. దించారు. ఒక చెంచా. పెదాలు మూసుకున్నాయి. గొంతు పైకి కదిలి, ఆగి, కిందికి దిగింది. "ఆ అనండి." "ఆ." గొంతులో గరగర లేదు, పొడిగా ఉంది, సరిగ్గానే దిగింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. ఎడమ చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుని చెంచాను మళ్లీ గిన్నె వైపు నెట్టింది. ఇంకొకటి. ఇంకొకటి. ఇన్నాళ్లలో ఒక్కపూట కూడా బతిమాలకుండా నోరు తెరవని మనిషి, చెంచా రావడం ఆలస్యమైతే ముందుకు వంగుతున్నారు. ముక్కు కారింది. తువాలు కొసతో తుడిచింది. అప్పుడన్నారు. తడబడలేదు, మాట విరగలేదు, పాత గొంతుతో, పూర్తిగా, "బావుంది" అన్నారు.

చెంచా గిన్నె అంచుకు తగిలి ఠంగుమంది. ఆయన ఆమెకేసి చూడటం లేదు. ఎదుటి గోడకేసి చూస్తున్నారు. ఆ గోడ మీద ఏమీ లేదు, మేకు ఉంది, అంతే. "ఎవరికి చెప్తున్నారు?" అంది ఆమె. వినపడలేదో, అర్థం కాలేదో. "ఇటు చూడండి. ఇటు. నాకేనా చెప్పింది?" గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. తిరిగింది మొహం. కళ్లు ఆమెను చూశాయి. చూసి, నీళ్లు నింపుకున్నాయి. ఏడుస్తున్నారు. నవ్వూ ఏడుపూ వాటంతట అవే వస్తాయి, అర్థం వెతక్కండి అన్నారుగా డాక్టరు. వెతకలేదు ఆమె. తువాలుతో కళ్లు తుడిచి, అదే తువాలుతో ముక్కూ తుడిచింది. ఆ మాట ఎవరిదైనా కావచ్చు, ఆ చెవిని దాటి ఈ చెవికి వచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చింది. ఎవరి పేరున వచ్చిందో కవరు మీద రాసి లేదు.

మిషను మీద ఫోను మోగింది. పేరు లేని నంబరు. తాగాక చెప్పమందే గాని అందాకా ఆగలేకపోయింది మనిషి. ఆమె గిన్నె ఒళ్లో పెట్టుకునే ఫోను ఎత్తింది.

"తాగాడాండీ?"

తాగారు. సగం గిన్నె అయిపోయింది. ఇంకా కావాలంటున్నారు. బావుంది అన్నారు, స్పష్టంగా అన్నారు, మీరు వింటే బావుండేది. ఇవన్నీ వరసగా, సూదికి దారం ఎక్కించి పెట్టినట్టు, నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. ఎదురుగా ఆయన పెదాల మీద సూపు మెరుస్తోంది.

"లేదు" అంది ఆమె.

"అస్సలా?"

"ఒక్క చెంచా పెట్టాను. ఊసేశారు. ఇది కాదన్నారు."

"వెనిగర్ ఎక్కువైందేమోనండీ" అంది ఆవిడ, ఎక్కడో పట్టు దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు. "ఈసారి కొంచెం తగ్గించి..."

"అన్నీ మీరు చెప్పినట్టే వేశాను. వంటలో తేడా ఏం లేదు. ఆయనకే ఏమీ గుర్తు లేదండీ. సూపూ లేదు, మనుషులూ లేరు. ఎవర్నీ పోల్చుకోరు."

ఆ చివరి మాట అక్కరలేదు. తెలిసే అంది. అవతలి ఇంట్లో ఏదో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది. ఆవిడ కూడా వంటగదిలోనే నిలబడి ఉందన్నమాట.

"పోన్లెండి" అంది ఆవిడ. "గుర్తుంటే తనకే కష్టం."

ఫోను పెట్టేసింది ఆమె. ఏదో దక్కుతుందనుకుంది. ఇన్నేళ్ల గురువారాలకు ఒక్క బదులైనా తీర్చుకున్నట్టు ఉంటుందనుకుంది. ఏమీ దక్కలేదు. చేతులకు వెల్లుల్లి వాసన, కడుపులో ఎవరి కోసమో తరిగిన ముక్కలు. ఆవిడ ఇక రాదు. అడగదు. ఈ ఊళ్లో ఆయన్ని ఎరిగిన రెండో మనిషి ఇంక లేదు, ఉన్నది తనొక్కతే, ఈ గది, ఈ మంచం, ఈ గిన్నె.

"ఎ... వరు?" అన్నారు ఆయన.

"బట్టలిచ్చినావిడ. ప్యాంటు అయిందా అని అడుగుతోంది."

నమ్మారు. ఇంకో ప్రశ్న లేకుండా నమ్మి, ఎవరూ చెప్పకుండానే గడ్డం కిందికి దించి నోరు తెరిచారు. ఇంత తేలికా, అనుకుంది ఆమె. గొంతు మారదు, మొహంలో ఒక్క నరమూ కదలదు, చేతికి వెంటనే ఏదో ఒక పని తగిలితే చాలు. గురువారాలు ఇంటికొచ్చి, చెయ్యి కడుక్కుని, ఆకలి లేదని చెప్పడం ఆయనకూ ఇలాగే ఉండేదన్నమాట. ఈ మనిషి లోపల ఎలా ఉంటుందో ఇన్నేళ్లకు ఆమెకు తెలిసింది ఈ ఒక్కటే. సూపు మీద మీగడలా పొర కట్టింది. చెంచాతో దాన్ని పక్కకు తీసి, ఇంకా వెచ్చగానే ఉందని చూసుకుని, మంచానికి దగ్గరగా జరిగింది.